అరుగు లేకుండా ఇరుగుపొరుగు ఎక్కడిది?

"హైదరాబాద్‌లో కట్టే అపార్ట్‌మెంట్లు అన్నీ ఒకేలా ఉంటున్నాయి, పక్క ఫ్లాట్లో ఎవరున్నారో తెలియదు. మనుషులు కలిసేలా, మన సంస్కృతి కనపడేలా బిల్డింగులు కట్టలేమా?" అని అడిగారు.

కట్టొచ్చు. 300 ఇటుకలు, రెండు బస్తాల సిమెంటు, పైన పరవడానికి నాలుగు షాబాద్ బండలు ఉంటే చాలు, ఒక అరుగు లేస్తుంది. మిగతాదంతా ఎలివేషన్ సోకు, అంటే బిల్డింగు బయటి ముఖానికి చేసే అలంకారం.

ఈ మాట అనడానికి నాకేం అర్హత అంటారా? నేను ఆర్కిటెక్టుని కాదు. 22 ఏళ్లుగా ఆర్కిటెక్టుల దగ్గర ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఉప్పల్ నుంచి మియాపూర్ దాకా ఎటు పోయినా నా చేతి గీతలు నిలబడి కనిపిస్తాయి. వాటిల్లో ఒక్కదాంట్లోనూ మనిషి ఊరికే కూర్చునే చోటు లేదు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మేముండేది నాచారంలో. స్టిల్ట్ (కింద పార్కింగ్‌కి వదిలిన పిల్లర్ల జాగా) మీద ఐదంతస్తులు, అంతస్తుకు నాలుగు, మొత్తం 20 ఫ్లాట్లు. రెండేళ్ల కింద మే నెలాఖర్లో మా లిఫ్టు మోటారు కాలిపోయింది. మెకానిక్ వచ్చి చూసి "పార్టు రావాలె సార్, రెండ్రోజులు" అన్నాడు. ఆ రెండ్రోజులు 17 రోజులైనయి.

ఐదో అంతస్తులో ఒక పెద్దమ్మ ఉంటుంది. జనగామ దిక్కు మనిషి, మోకాళ్ల నొప్పులు. కొడుకూ కోడలూ పొద్దున పోతే రాత్రికి వస్తారు. లిఫ్టు ఆగిన మూడోనాడు గుడికి పోయి వచ్చి మెట్లెక్కుతూ, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మలుపులో గోడ పట్టుకుని ఆగిపోయింది. కింద కూర్చుంటే మళ్లీ లేవలేనని భయం. 303 వాళ్లబ్బాయి లోపలికి ఉరికి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీ మళ్లీ వాళ్లింట్లోకి పోలేదు.

ఆ మలుపులో తూర్పు కిటికీ ఉంది. సాయంత్రమైతే నీడ, సన్నగా గాలి. మర్నాటికి ఇంకో కుర్చీ వచ్చింది. ఆ తర్వాత ఒక స్టూలు, దాని మీద మట్టికుండ, కుండ మీద బోర్లించిన స్టీలు గ్లాసు. ఆ కుండ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. పెద్దమ్మ సాయంత్రం ఐదింటికల్లా దిగి వచ్చి, ఒళ్లో చాట పెట్టుకుని చింతచిగురు ఏరుకుంటూ కూర్చునేది. ఎక్కేవాళ్లు ఎట్లాగూ అక్కడికి వచ్చేసరికి ఆయాసపడి ఆగుతారు కదా. ఆగితే ఒక గ్లాసు నీళ్లు, రెండు మాటలు.

404లో ఒక సాఫ్ట్‌వేర్ పిల్లగాడు అద్దెకుంటాడు. శ్రీకాకుళం వైపు. అప్పటికే రెండేళ్లుగా ఉంటున్నాడు, ఎవరికీ పేరు తెలియదు, "బుల్లెట్ అబ్బాయి" అంటాం, అంతే. ఒకరోజు తొమ్మిదింటికి ఎక్కుతుంటే పెద్దమ్మ ఆపింది.

"ఏం బిడ్డా, గింత రాత్రయింది. తిన్నవా?"

"లేదండీ పెద్దమ్మగారూ, ఆర్డర్ పెట్టుకుంటాను."

"అన్నం ఉన్నదా చెప్పు. మామిడికాయ తొక్కిస్త."

వాడు బిత్తరపోయాడు. "మా వైపు తొక్క అంటే తీసి పారేసేదండీ" అన్నాడు. మెట్ల మీద ఉన్నవాళ్లందరం పడీపడీ నవ్వాం. మర్నాడు వాళ్లమ్మ ఊరి నుంచి పంపిన ఆవకాయ జాడీ ఆ స్టూలు మీదికి వచ్చింది. ఆవకాయలో వెల్లుల్లి ఎన్ని పడాలి అన్నదాని మీద రెండు సాయంత్రాలు గడిచాయి.

అసలు విచిత్రం వేరే ఉంది. 201 ఆయనకీ 302 ఆయనకీ పార్కింగ్ గీత మీద మూడేళ్లుగా మాటల్లేవు. అసోసియేషన్ మీటింగులో ఒకరు వస్తే ఒకరు రారు. ఒక పొద్దున 302 ఆయన 20 లీటర్ల నీళ్ల క్యాను భుజాన వేసుకుని ఎక్కుతూ ఆ మలుపులో దించాడు. కుర్చీలో 201 ఆయన పేపర్ చదువుతున్నాడు. ఇద్దరూ గోడ వైపు చూశారు. తర్వాత ఈయన పేపర్ మడిచి చంకలో పెట్టుకుని క్యానుకు రెండో వైపు చేయి వేశాడు. మాటేమీ లేదు. మూడో అంతస్తు దాకా మోసి దిగొచ్చి మళ్లీ పేపర్ తెరిచాడు. నేను పై మెట్టు మీద నిలబడి చూశాను.

లిఫ్టు బాగైన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగు రోజులకు మలుపులో కుండ ఒక్కటే మిగిలింది. ఆ వారం వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: మెట్ల దారిలో సామాను ఉంచరాదు, ఫైర్ సేఫ్టీకి విరుద్ధం. ఆ మాట తప్పని నేననను. మంటలొస్తే అదే దారి. కుండ కూడా పోయింది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే మలుపు ఎంత ఉండాలో గీసేది నాలాంటివాడే. మెట్టు వెడల్పు ఎంతో మలుపు లోతు అంతకు తగ్గకూడదని రూలు. ఎక్కువ ఉండకూడదని ఏ రూలూ లేదు. కానీ ఎక్కువ పెట్టి చూడండి, బిల్డరు ఎర్ర పెన్ను తీస్తాడు. "కామన్ ఏరియా పెరుగుతోంది, తగ్గించు." కారిడార్లు, మెట్లు, లిఫ్టు అన్నీ ఫ్లాట్ల మీద పంచి, ఫ్లాటు కొలతలో కలిపి, సూపర్ బిల్టప్ అని అమ్ముతారు. 2016లో ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు రెరా చట్టం వచ్చాక కొనేవాళ్లు "లోపల కార్పెట్ ఎంత?" అని, అంటే ఇంట్లో నిజంగా వాడుకునే జాగా ఎంత అని, గట్టిగా అడుగుతున్నారు. అడగాల్సిందే, వాళ్ల కష్టార్జితం. కానీ మొదటి దెబ్బ పడేది మాత్రం నలుగురూ నిలబడే చోటు మీదే. ఆ ఎర్ర గీతలను కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లో ఎక్కించింది నేనే.

ఇంకోటి, బయటి ఊళ్లవాళ్లకు చెబితే నమ్మరు. హైదరాబాద్ బ్రోచర్లలో మొదటి పేజీ గొప్పేమిటో తెలుసా? "కామన్ గోడలు లేవు. ఏ రెండు తలుపులూ ఎదురెదురుగా ఉండవు." అంటే పక్కవాడి గోడ నీకు తగలదు, పక్కవాడి ముఖం నీకు కనపడదు, దానికి చదరపు అడుగుకు ఇంత అదనం. దానికి తోడు వాస్తు. తలుపు తూర్పుకో ఉత్తరానికో ఉండాలి, దక్షిణమైతే అమ్ముడుపోదు. అన్ని తలుపులనూ అటు తిప్పడానికి కారిడార్‌ని పాములా మెలికలు తిప్పుతాం. ఆ మెలికల్లో వెలుతురుండదు, గాలుండదు. అక్కడ నిలబడి ఎవరు మాట్లాడతారు? మన ప్లాన్లలో మిగిలిన సంస్కృతి ఏదైనా ఉందంటే ఆ వాస్తు ఒక్కటే. అది కూడా మనుషుల్ని విడదీయడానికే పనికొస్తోంది. కామెంట్లలో తిట్టండి, ఫరవాలేదు.

సంస్కృతి అన్నారు కదా, దాని సంగతీ చెప్తా. ఈ మధ్య మేం గీసిన ఒకదాని పేరు ఇటలీ ఊరిది. ముందు గ్రీకు స్తంభాలు, లోపల కాంక్రీటు కూడా ఉండదు, ఉత్త థర్మకోల్ మీద పూత. రిసెప్షన్‌లో మాత్రం గోడంత చార్మినార్ ఫోటో. అదే మన గుర్తింపట!

బతుకమ్మ పండుగకు మా ఆడవాళ్లు నన్నే టేపు పట్టమన్నారు, "నువ్వు ప్లాన్లు గీస్తవు కదా, ఎక్కడ ఆడాలె చెప్పు" అని. లెక్క వేశా. 40 మంది వంగి చప్పట్లు కొడుతూ తిరగాలంటే మనిషికి కనీసం రెండున్నర అడుగులు. అంటే చుట్టూ 100 అడుగులు, అడ్డంగా 32 అడుగుల గుండ్రం కావాలి. మా స్టిల్టులో పిల్లరుకూ పిల్లరుకూ మధ్య 16 అడుగులు. పక్కన వదిలిన ఖాళీ 11 అడుగులు. పైన టెర్రస్ మీద ట్యాంకులు, సోలార్ పలకలు, డిష్షులు. ఒక్క 32 అడుగుల గుండ్రం 20 కుటుంబాల బిల్డింగులో లేదు. చివరికి రోడ్డు మీద ఆడారు, ఆటోవాళ్లు హారన్ కొడుతుంటే ఆగి, పక్కకు జరిగి, మళ్లీ ఉయ్యాలో. తెలంగాణలో కట్టే బిల్డింగుకు బతుకమ్మ పట్టేంత గుండ్రం ఒకటి ముందే గీసుకుని, దాని చుట్టూ పిల్లర్లు వేసుకుంటే సంస్కృతి అదే వస్తుంది. చార్మినార్ ఫోటో అక్కర్లేదు.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ చూడండి. 1939లో ప్రారంభమైంది. బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ డిజైన్. ఆ కమానులను, స్తంభాలను చూసి అక్కడ మసీదుల పోకడ ఉంది, ఇక్కడ అజంతా ఎల్లోరా ఉంది అని పుస్తకాల్లో రాస్తారు. రాయనీండి. నేనైతే దాని గొప్పతనమంతా ముందున్న మెట్లలో ఉందంటాను. అక్కడ చదివినవాళ్లను అడగండి, కమానులో ఎన్ని అంచులున్నాయో చెప్పలేరు, ఏ మెట్టు మీద కూర్చునేవాళ్లో చెబుతారు. తెలంగాణ ఉద్యమమప్పుడు జనం వచ్చి చేరింది ఆ మెట్ల ముందరికే. కూర్చోవడానికి రాయి ఉంటే మనిషి ఆగుతాడు.

పెద్ద ఆర్కిటెక్టులకు ఈ సంగతి తెలియదని కాదు. బాలకృష్ణ దోశీ పేరు వినే ఉంటారు, 2018లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది, మన దేశంలో ఆ బహుమతి అందుకున్న మొదటి మనిషి. మన ఈసీఐఎల్ టౌన్‌షిప్ ఆయన గీసిందే. ఇండోర్‌లో తక్కువ ఆదాయం వాళ్ల కోసం ఆయన చేసిన అరణ్య అనే కాలనీకి 1995లో ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. అక్కడి ఇళ్ల ముందు వీధి వైపు ఎత్తుగా ఒక గట్టు ఉంటుంది. దాన్ని వాళ్లు ఓట్లా అంటారు. అంటే ఏమిటి? మన అరుగే! పేదవాడి ఇంటికి కూడా అది ఉండాలని ఆయన అనుకున్నాడు. కోటిన్నర పెట్టి కొన్న ఫ్లాటుకు లేదు.

మా నాన్న హయాంలో మేం కాచిగూడ చప్పల్ బజార్‌లో ఉండేవాళ్లం. ఇంటి ముందు అరుగు, పైన తాండూరు బండ. నాన్న పేపర్ చదివి అరుగు మీద పెట్టి ఆఫీసుకు పోతే, పదకొండింటికల్లా నలుగురు చదివి మడిచి పెట్టేవాళ్లు. పోస్ట్‌మన్ సంచి దించుకునేది అక్కడే. అయితే ఆ రోజులు బంగారం అని నేననను. ఆ అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కింద నిలబడి మాట్లాడాలో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసేది. పాకీ పని చేసే ఆమె ఏనాడూ కూర్చోలేదు. మా అమ్మ మంచినీళ్లు కూడా పై నుంచి పోసేది. ఇది రాయకపోతే నేను అబద్ధం రాసినట్టు.

ఇప్పుడు మా బిల్డింగుకు వస్తా. మీటింగులో లేచి చెప్పాను, మెట్ల మీద వద్దంటున్నారు సరే, గేటు లోపల కాంపౌండ్ గోడను ఆనుకుని ఒక అరుగు కట్టిద్దాం, తొమ్మిదడుగుల పొడుగు, అడుగున్నర ఎత్తు, అడుగున్నర వెడల్పు. ఎస్టిమేటు కూడా తీసుకెళ్లా. డబ్బు గురించి ఒక్కరూ అడగలేదు. లేచిన మొదటి ప్రశ్న: "డెలివరీ పిల్లలొచ్చి కూర్చుంటారు కదా?" రెండోది: "వాచ్‌మెన్ వాళ్ల చుట్టాలు చేరతారు." మూడోది 104 ఆంటీది, "పనమ్మాయిలంతా ఒకచోట చేరి జీతాలు మాట్లాడుకుంటారు." మా అమ్మ నీళ్లు పోసిన చెంబు గుర్తొచ్చింది. కూర్చుంటే కూర్చోనీండి, ఎండన పడి మనకు బిర్యానీ తెచ్చిన పిల్లగాడే కదా అన్నాను. సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు.

గట్టెక్కించింది ఎవరనుకున్నారు, 201, 302. ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తారు. పెద్దమ్మ మీటింగుకు రాలేదు, కొడుకుతో ఒక మాట పంపింది: "నా మోకాళ్లు జూసన్న కట్టుండ్రి." బేరమాడి బేరమాడి తొమ్మిదడుగులు ఆరడుగులైంది.

మేస్త్రి రెండు రోజుల్లో కట్టాడు. పైన షాబాద్ బండలు నేనే పోయి ఏరి తెచ్చా, అంచు నున్నగా రుద్దించా, చీరలు పట్టుకోకుండా. వారం బాగానే గడిచింది. ఎనిమిదో రోజు పొద్దున చూస్తే అరుగు మీద రెండు పెద్ద సిమెంటు కుండీలు, వాటిలో మనీ ప్లాంటు. "అందంగా ఉంటుందని" అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

రోజూ సాయంత్రం ఐదింటికి నేనూ 404 పిల్లగాడూ ఆ రెండు కుండీలను కిందికి దించుతాం. పెద్దమ్మ చాట పట్టుకుని వచ్చి కూర్చుంటుంది. పొద్దున లేచేసరికి కుండీలు మళ్లీ పైకెక్కి ఉంటాయి. ఒక్కో కుండీ 30 కిలోలకు తక్కువుండదు. అవతలి వాళ్ల ఓపికను కూడా మెచ్చుకోవాలి.