ఐక్లర్ ఇంటి వెనక గది కలపాలంటే ముందు ఏమి చూసుకోవాలి?

కాలిఫోర్నియాలో, పాలో ఆల్టోలోని గ్రీన్‌మెడో పేటలో 1950ల నాటి ఐక్లర్ ఇల్లు (జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డరు కట్టించినది) కొన్నామని, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల కోసం వెనక ఒక పడకగది, స్నానాలగది కట్టాలనుకుంటున్నామని, చారిత్రక ప్రాంతం కాబట్టి అనుమతి దొరుకుతుందా అని అడిగారు. మాదీ ఆ కాలపు ఐక్లరే, సన్నీవేల్‌లో. మా అత్తమామల కోసం ఇలాంటి గదే కట్టించాం.

అనుమతి గురించి మరీ బెంగపడకండి. గ్రీన్‌మెడో 2005లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరిన మాట నిజమే. కానీ సొంత డబ్బుతో సొంత ఇంటిని మార్చుకునేవారిని ఆ జాబితా ఆపదు. ఏమి కట్టవచ్చో తేల్చేది నగరం. పాలో ఆల్టో 2018లో ఐక్లర్ పేటల కోసమే మార్గదర్శకాలు ప్రచురించింది, సన్నీవేల్ 2009లోనే తెచ్చింది. వీధిలోంచి చూసేవారికి ఇంటి రూపు చెడినట్టు కనిపించకూడదన్నది వాటి సారం. మీరు కట్టేది వెనక వైపు, ఒకే అంతస్తు. ఆర్కిటెక్టుకు డబ్బు కట్టకముందే ప్లానింగ్ విభాగానికి వెళ్లి, వెనక కంచె నుంచి ఎంత వదలాలో, స్థలంలో ఎంత మేర కట్టనిస్తారో రాయించుకుని రండి.

అసలు చిక్కు కొత్త గదిలో ఉండదు, అది పాత ఇంటిని తాకే చోట ఉంటుంది. ఈ ఇళ్లకు అటక లేదు. లోపల తలెత్తితే కనిపించే చెక్క పలకలే పైకప్పు కూడా. దూలాలు గోడ దాటి చూరు కిందికి పొడుచుకొస్తాయి. తీగలు, గొట్టాలు దాచే చోటే ఉండదు. మామూలు ఇళ్లు కట్టే కాంట్రాక్టరు వచ్చి “అదే కప్పును వెనక్కి పొడిగిద్దాం” అంటాడు. మాకూ ఒకాయన అలాగే చెప్పాడు. కాగితం మీద లెక్క వేసి చూడండి. అడుగుకు 2 అంగుళాల వాలు ఉంటే, 12 అడుగులు పొడిగించేసరికి కప్పు 2 అడుగులు దిగుతుంది. ఎనిమిది అడుగుల ఎత్తున్న చూరు గది చివరికి ఆరు అడుగులవుతుంది. మా మామగారి తల తగులుతుంది.

మా ఆర్కిటెక్టు పాత చూరును అలాగే వదిలి, మధ్యలో అద్దాల గోడలతో సన్నని నడవ పెట్టి, దాని అవతల చదునైన కప్పుతో గది గీసింది. నీళ్లు రెండు కప్పుల మధ్య నిలవకుండా కొత్త కప్పు వాలును పెరటి వైపు పెట్టించింది. ఈ నడవ వల్ల ఇంకో లాభం ఉంది. వెనక గోడంతా అద్దమే కాబట్టి గదిని దానికే ఆనించి కడితే పాత గదికి వెలుతురు పోతుంది. అది పడకగది అయితే, అగ్నిప్రమాదంలో బయటపడేందుకు నేరుగా ఆరుబయటికి తెరుచుకునే కిటికీ పోయి, లెక్కలో పడకగదే కాకుండా పోతుంది.

పని మొదలయ్యే ముందు దూలాల కొసలు చూసుకోండి. ఎండకూ వానకూ బయట ఉండేవి అవే. మా ఇంట్లో ఒక దూలం రంగు నిగనిగలాడుతోంది కానీ, స్క్రూడ్రైవరు ఆనిస్తే హల్వాలో దిగినట్టు దిగిపోయింది.

ఇక నేల. కాంక్రీటు పలక లోపల ఇంటిని వెచ్చగా ఉంచే వేడినీటి గొట్టాలుంటాయి, కొన్ని ఇళ్లలో రాగివి, కొన్నింటిలో ఉక్కువి. ఎక్కడ పడితే అక్కడ కోస్తే ఇల్లంతా చల్లబడుతుంది. బాయిలరు వెలిగించి థర్మల్ కెమెరాతో చూస్తే గొట్టాల దారి తెర మీద నారింజ రంగు గీతల్లా తేలుతుంది. సుద్దతో నేల మీద ఆ దారి గీయించి, ఫోటోలు తీసి పెట్టుకోండి. కొత్త స్నానాలగది మురుగు గొట్టాన్ని పాత నేల కింద కాకుండా ఇంటి పక్క నుంచి తీసుకెళ్లడానికి వీలుంటుందేమో అడగండి. పెద్దవాళ్ల మోకాళ్ల కోసం కొత్త నేల పాతదానితో సమంగా, మెట్టు లేకుండా రావాలి. స్నానం చేసే చోట గట్టు వద్దనుకుంటే అక్కడ నేలను కాస్త పల్లంగా పోయాలి. ఆ మాట కాంక్రీటు పోయకముందే చెప్పాలి.

పాతదానికి అచ్చు నకలు దిగేలా కట్టాలని మా ఆవిడ పట్టుబట్టింది. చారిత్రక కట్టడాల విషయంలో అమెరికా అంతర్గత శాఖ ప్రమాణాలు ఒప్పుకునేది వేరు. కొత్తది పాతదానితో ఒద్దికగా ఉండాలి, కానీ కొత్తదని తెలియాలి. రేపు దాన్ని తీసేసినా పాత ఇల్లు చెక్కుచెదరకూడదు. బయటి చెక్క గోడ మీది గాడుల ఎడం పాతదానికి సరిపోయేలా ప్రత్యేకంగా చేయించాం. రెండూ కలిసే చోట మాత్రం కొత్తదని తెలిసేలా, కాస్త లోపలికి ఉండే సన్నని పట్టీ వదిలాం. ఇప్పటి ఇంధన నియమాల ప్రకారం కొత్త కప్పు మీద మందంగా ఇన్సులేషన్ వేయాలి. దాన్ని అంచు దగ్గరకు వచ్చేసరికి పలచగా దించమనండి, లేకపోతే ఆ పలచని చూరు పక్కన కొత్త అంచు మొద్దుగా కనిపిస్తుంది.

వాస్తు గురించి మీరు అడగలేదు, మీ అమ్మగారు అడుగుతారు. మా ఇంట్లో నైరుతి పెరుగుతోందని ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. గదిని ఈశాన్యం వైపు జరిపాం. అదృష్టం కొద్దీ ఆర్కిటెక్టుకూ ఉదయపు ఎండ కోసం అదే నచ్చింది.

పాత నేల మీద 9 అంగుళాల టైల్స్ ఉంటే పగలగొట్టే ముందు ఆస్బెస్టాస్ పరీక్ష చేయించండి. ఆస్తి పన్ను గురించి భయం వద్దు. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రతిపాదన 13 అనే ఆస్తి పన్ను నియమం వల్ల కొత్తగా కట్టిన భాగానికే కొత్త విలువ కడతారు, పాత ఇంటి లెక్క అలాగే ఉంటుంది.

ఒక పక్క మాట. జోసెఫ్ ఐక్లర్ జాతి, మతం చూడకుండా ఇళ్లు అమ్మిన బిల్డరు. వివక్ష వద్దనే విధానానికి జాతీయ గృహ నిర్మాతల సంఘం మద్దతివ్వలేదని 1958లో అందులోంచి తప్పుకున్నాడు. మనలాంటివాళ్లం ఆ ఇళ్లను కాస్త ఓపికగా చూసుకోవడం న్యాయమే అనిపిస్తుంది నాకు.

మీ కప్పు ఎటు వాలుతుందో, వెనక గోడ నుంచి కంచె దాకా ఎన్ని అడుగులుందో రాయండి. నడవకు చోటు సరిపోతుందో లేదో చెబుతాను.