డబ్బా మీది అంకె చూడకండి, గ్యాస్ మీద ఎంత లాగుతుందో చూడండి

కరెంటు పోతే నాలుగైదు గంటలు రావడం లేదు, నాన్నగారికి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఆగకూడదు, పైగా ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, లైట్లు, 1 హెచ్‌పీ నీళ్ల మోటారు ఉన్నాయి, పెట్రోల్‌తోనూ గ్యాస్‌తోనూ (సిలిండర్‌లో వచ్చే ఎల్‌పీజీ) నడిచే డ్యూయల్ ఫ్యూయల్ జనరేటర్ తీసుకోవచ్చా, ఎంతది తీసుకోవాలి అని అడిగారు. తీసుకోండి. కాకపోతే షాపువాడు చెప్పే కారణానికి కాదు. రెండు ఇంధనాలుంటే పవర్ ఎక్కువ వస్తుందని కొందరు అనుకుంటారు. రాదు, గ్యాస్ మీద ఇంకా తగ్గుతుంది. లాభం వేరేచోట ఉంది.

నా మొదటి జనరేటర్ ఒట్టి పెట్రోల్‌ది. కొన్న కొత్తలో రెండు మూడుసార్లు బాగానే ఆదుకుంది. తర్వాత ఎనిమిది నెలలు దాని అవసరమే పడలేదు, మూలన గుడ్డ కప్పి ఉంచాం. ఒక గాలివాన రాత్రి కరెంటు పోయింది. తాడు లాగాను, లాగాను, అరచెయ్యి బొబ్బలెక్కే దాకా లాగాను. ఊహూఁ. మర్నాడు మెకానిక్ కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) విప్పి కింది గిన్నె నా చేతిలో పెట్టాడు. అడుగున పసుపుపచ్చటి జిగురు, పెట్రోల్ వాసన పోయి పాత వార్నిష్ వాసన. పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రమున్న జెట్‌ని దీపం వైపు పెట్టి చూస్తే అవతలి వెలుగు కనపడలేదు. పెట్రోల్ నిలవ ఉంటే కొన్ని నెలల్లోనే పాడవుతుంది. ఇథనాల్ కలిసినదైతే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. గ్యాస్‌కి ఆ బెడద లేదు. సిలిండర్‌లో ఏళ్లు ఉన్నా అలాగే ఉంటుంది, దానికి కార్బురేటర్ గిన్నెతో పనే లేదు. డ్యూయల్ ఫ్యూయల్ కొనడానికి నాకు తెలిసి అసలు కారణం ఇదే: నెలల తరబడి ముట్టుకోకుండా వదిలేసినా, కావలసిన రాత్రి స్టార్ట్ అవుతుంది. అందుకే నేను గ్యాస్‌ను మొదటి ఇంధనంగా, పెట్రోల్‌ను అత్యవసరానికి ఉంచుకునేదిగా లెక్కేసుకుంటాను. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

ఇక ఎంతది అన్న సంగతి. రెండోసారి డ్యూయల్ ఫ్యూయల్ కొన్నప్పుడు నేను చేసిన తప్పు ఇక్కడే. డబ్బా మీద పెద్దక్షరాల్లో 3500 అని ఉంది. ఇంటికొచ్చి పుస్తకం విప్పి చూస్తే ఆ 3500 వాట్లు మోటారు ఎత్తుకునే ఆ రెండు మూడు సెకన్లకే. నిలకడగా ఇచ్చేది, అంటే రన్నింగ్ వాట్లు, పెట్రోల్ మీద 3000, గ్యాస్ మీద 2700. గ్యాస్ మీద పదోవంతు దాకా తగ్గడం మామూలే. గ్యాస్ ఆవిరిగా లోపలికి వెళ్లి గాలికి ఉండాల్సిన చోటు కొంత ఆక్రమించేస్తుంది, అంచేత ప్రతి దెబ్బకీ మండేది తగ్గుతుంది. ఇల్లు సముద్ర మట్టానికి బాగా ఎత్తున ఉంటే అక్కడ గాలి పలచన, కాబట్టి ఇంకొంత పోతుంది. ప్రతి 300 మీటర్లకు సుమారు 3 శాతం అనుకోండి.

ఈ తేడా నాకు తెలిసొచ్చింది నీళ్ల మోటారు దగ్గర. మాదీ 1 హెచ్‌పీదే. ఫ్రిజ్ తిరుగుతుండగా మోటారు స్విచ్ వేస్తే, పెట్రోల్ మీద ఇంజిన్ ఒకసారి మూలిగి ఎత్తుకునేది. గ్యాస్ మీద అదే పని చేస్తే లైట్లు ఎర్రబడి, మోటారు 'మ్‌మ్' అని కూర్చుని, జనరేటర్ ట్రిప్ అయ్యేది. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అని మోసపోకండి. అది షాఫ్ట్ దగ్గర వచ్చే శక్తి. మోటారు లాక్కునేది 1100, 1200 వాట్ల దాకా ఉంటుంది. కదలడం మొదలెట్టే క్షణంలో దానికి మూడు నాలుగింతలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కావాలి. ఫ్రిజ్‌ది కూడా ఇదే వరస: తిరిగేటప్పుడు 150, 200 వాట్లతో సరిపెట్టుకుంటుంది గానీ కంప్రెసర్ ఎత్తుకునేటప్పుడు చాలా ఎక్కువ అడుగుతుంది.

మీ ఇంటి లెక్క వేద్దాం. నిమిషానికి 5 లీటర్లిచ్చే కాన్సంట్రేటర్ 350 వాట్ల చుట్టుపక్కల, ఫ్రిజ్ 200, నాలుగు ఫ్యాన్లు 300, లైట్లూ రూటరూ ఫోన్ ఛార్జర్లూ కలిపి 150. మొత్తం 1000 వాట్లు. అంటే మోటారు ఒక్కదాన్ని పక్కన పెడితే మీ ఇల్లంతా 2 కిలోవాట్ల చిన్న మెషీన్‌తో హాయిగా గడిచిపోతుంది. మోటారు కోసమే రెట్టింపు మెషీన్ కావాలి. రోజుకు ఇరవై నిమిషాలు నడిచేదాని కోసం అంత బరువు, అంత మోత, అంత ఇంధనం మోయాలా అన్నది ఆలోచించండి. పైన ట్యాంకు ఉంటే, కరెంటు ఉన్నప్పుడే నింపి ఉంచడం అన్నిటికంటే చవకైన పరిష్కారం. కాదు, మోటారు ఉండాల్సిందే అంటే, గ్యాస్ మీద రన్నింగ్ 3500 వాట్లకు తగ్గని మెషీన్ చూడండి. అప్పుడు కూడా ముందు మోటారు ఎక్కించి, అది స్థిరపడ్డాకే ఫ్రిజ్ వేయండి. ఈ వరస మార్చాక నా 2700 వాట్ల మెషీన్ కూడా మోటారును ఎత్తింది, అదీ మూలుగుతూనే అనుకోండి.

అంకె అడిగేటప్పుడు ఈ ఒక్క మాట అడగండి: "గ్యాస్ మీద రన్నింగ్ వాట్లెంత?" జవాబు పుస్తకంలో చూపించమనండి. కేవీఏలో చెబితే పవర్ ఫ్యాక్టర్ (అందులో వాట్లుగా పనికొచ్చే వంతు) ఎంతో కనుక్కోండి. అది 0.8 అయితే 5 కేవీఏ అంటే 4 కిలోవాట్లే.

మామూలు జనరేటరా, ఇన్వర్టర్ జనరేటరా అన్నది తర్వాతి ప్రశ్న. మామూలుదాని ఇంజిన్ లోడ్ ఉన్నా లేకున్నా ఒకే వేగంతో తిరగాలి, 50 హెర్ట్జ్ కరెంటైతే చాలా చిన్న మెషీన్లలో నిమిషానికి 3000 చుట్లు. అర్ధరాత్రి రెండు ఫ్యాన్ల కోసం కూడా అదే రొద, ఇంధనమూ అనవసరంగా ఖర్చు. ఇన్వర్టర్ రకం లోడ్ తగ్గితే ఇంజిన్ వేగం తగ్గించుకుంటుంది, కరెంటు కూడా శుభ్రంగా, అంటే ఎగుడుదిగుళ్లు లేకుండా ఇస్తుంది. ఇంట్లోని యూపీఎస్ ఒకటి నా జనరేటర్ కరెంటును కరెంటుగా ఒప్పుకోనే లేదు. జనరేటర్ నడుస్తూనే ఉంది, అది మాత్రం బ్యాటరీ మీదే ఉండి కూతలు పెడుతోంది. మీ ఇంట్లో వైద్య పరికరం ఉంది కాబట్టి నేనైతే ఇన్వర్టర్ రకానికే ఓటేస్తాను. ధర ఎక్కువే. ఆ తేడాను మోటారు ఆశ వదులుకుని పూడ్చుకోవచ్చు.

కాన్సంట్రేటర్ గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. మనం వెళ్లి స్టార్ట్ చేసే జనరేటర్‌కు లోడ్ ఎక్కించడానికి నాలుగైదు నిమిషాలు పట్టొచ్చు, వానలో చీకట్లో అయితే పది. మధ్యలో ఇంధనం మార్చాలన్నా, పోయాలన్నా ఆపాల్సి రావచ్చు. కాబట్టి కాన్సంట్రేటర్ యూపీఎస్ మీదే ఉండాలి, ఆ యూపీఎస్‌ను జనరేటర్ ఛార్జ్ చేయాలి. దానికి తోడు డాక్టర్‌ను అడిగి ఒక ఆక్సిజన్ సిలిండర్ ఇంట్లో ఉంచుకోండి. జనరేటర్ ఒక్కదాని మీద ప్రాణం పెట్టుకోవద్దు.

గ్యాస్ గురించి ఎవరూ ముందుగా చెప్పని ముచ్చట ఒకటి. ఒక చల్లటి రాత్రి మూడు గంటలు బాగా నడిచాక ఇంజిన్ ఊగిసలాడడం మొదలెట్టింది, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. గ్యాస్ అయిపోయిందనుకుని టార్చి పట్టుకుని వెళ్లాను. సిలిండర్ కింది సగం తెల్లగా మంచు పట్టి ఉంది, పైసగం మామూలుగానే ఉంది. ఎవరో గీత గీసినట్టు ఒక అంచు. వేలితో ముట్టుకుంటే చర్మం అంటుకున్నట్టయింది. ఆ అంచు దాకా లోపల ద్రవం ఉందన్నమాట. ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని సిలిండర్ ఇనుము నుంచే లాక్కుంటుంది. మనం గ్యాస్ త్వరత్వరగా లాగేకొద్దీ అది చల్లబడి, ఒత్తిడి పడిపోతుంది. గ్యాస్‌లో బ్యూటేన్ పాలు ఎక్కువుంటే ఈ ఇబ్బంది ముందే వస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది గానీ బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మొండికేస్తుంది. చిన్న సిలిండర్ బదులు పెద్దది పెట్టాక ఈ గొడవ తగ్గింది. వేడి చేద్దామని సిలిండర్‌ను పొగగొట్టం పక్కకు జరపడం, మంట చూపించడం లాంటి తెలివితేటలు వద్దు. పడుకోబెట్టడం అసలే వద్దు, ద్రవం నేరుగా గొట్టంలోకి వస్తుంది.

రెగ్యులేటర్ కూడా మెషీన్‌తో వచ్చినదో, దాని పుస్తకంలో చెప్పినదో వాడండి. పొయ్యి రెగ్యులేటర్ తగిలించి 'గ్యాస్ మీద నడవట్లేదు' అని గోల పెట్టినవాళ్లను చూశాను. వాల్వ్ ఒక్కసారిగా తిప్పితే లోపలి భద్రతా వాల్వ్ లీకేజీ అనుకుని మూసుకుపోయే రకాలు ఉన్నాయి, మెల్లగా తిప్పండి. వంట గ్యాస్ సిలిండర్‌ను జనరేటర్‌కు వాడే అనుమతి అన్నిచోట్లా ఉండదు, మీ గ్యాస్ సరఫరాదారును ముందే అడగండి. ఈ గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పల్లంలోకి, సెల్లార్‌లోకి పాకి కూర్చుంటుంది.

ఖర్చు సంగతి పెద్దగా చెప్పను, ధరలు మీకే తెలుసు. ఒక కిలో గ్యాస్‌లో సుమారు 46 మెగాజౌళ్ల శక్తి, లీటరు పెట్రోల్‌లో 32. అంటే కిలో గ్యాస్ దాదాపు లీటరున్నర పెట్రోల్‌కు కాస్త తక్కువ. మీ 1000 వాట్ల లోడ్‌కు గంటకు అర కిలో నుంచి ముప్పావు కిలో గ్యాస్ పట్టొచ్చు.

ఇప్పుడు నేను సిగ్గుపడుతూ చెప్పే విషయం. ఒకసారి వాన ఎక్కువై, మెషీన్ తడుస్తోందని వరండాలోకి జరిపాను. 'గ్యాస్ మీదే కదా, పొగేం రాదు' అనుకున్నాను. అరగంటకు మా ఆవిడ తల పట్టేసినట్టుందంది, నాకూ వాంతి వచ్చేలా ఉంది. వెంటనే ఆపేసి, తలుపులన్నీ తీసి బయటికొచ్చి కూర్చున్నాం. గ్యాస్ మీద నడిచినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోటును అది పట్టేస్తుంది. ఆక్సిజన్ మీద ఉన్న నాన్నగారికి మనకంటే ముందే ముప్పు. మెషీన్ ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగగొట్టం కిటికీలకు అవతలి వైపు తిరిగి ఉండాలి. వరండా, గ్యారేజీ, బాల్కనీ ఏవీ పనికిరావు. వానకు ఆరుబయటే పక్కలు తెరిచి ఉండే రేకు కప్పు వేయించుకోండి. పడక గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. మెషీన్‌లోనే ఆ సెన్సర్ ఉండి తనంతట తాను ఆగే రకాలు వస్తున్నాయి, మంచిదే, అయినా ఇంట్లో అలారం మానొద్దు.

వైరింగ్‌కు చేంజోవర్ స్విచ్ (ఇంటిని బయటి లైనుకో జనరేటర్‌కో, ఒకసారికి ఒక్కదానికే కలిపేది) తప్పనిసరి. మా ఇంటికొచ్చిన ఒక ఎలక్ట్రీషియన్ రెండు వైపులా ప్లగ్గు ఉన్న వైరు చేసిస్తానన్నాడు, గోడ సాకెట్‌లో గుచ్చితే చాలు ఇల్లంతా వెలుగుతుందట. వెలుగుతుంది, అదే కరెంటు మీటరు దాటి బయటి లైన్లోకీ పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది, స్తంభమెక్కి లైను బాగుచేసేవాడు చచ్చిపోతాడు. అతన్ని పంపించేసి ఇంకొకరిని పిలిచాను. ఆయన న్యూట్రల్, ఎర్తింగ్ కూడా సరిచూశాడు.

మిగతావి చిన్న చిన్నవి. కొత్త మెషీన్ చాలాసార్లు ఇంజిన్ ఆయిల్ లేకుండానే వస్తుంది, పోయకుండా తాడు లాగొద్దు. మొదటి 20 గంటలకు ఆయిల్ మార్చండి, తర్వాత పుస్తకం చెప్పినట్టు. నేల ఏటవాలుగా ఉంటే ఆయిల్ ఉన్నా తక్కువైందనుకుని ఆగిపోతుంది, నేను దానికో పూటంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. నెలకోసారి ఇరవై నిమిషాలు లోడ్‌తో నడపండి. పెట్రోల్ మీద నడిపితే చివర్లో ఇంధనం ట్యాప్ మూసి, గిన్నె ఖాళీ అయి దానంతట అదే ఆగిపోనివ్వండి.

సెల్ఫ్ స్టార్ట్ ఉన్నది తీసుకోండి, కానీ తాడు కూడా ఉండాలి, ఎందుకంటే వాడకపోతే దాని బ్యాటరీ కూడా నిద్రపోతుంది. ఆ తాడును షాపులోనే లాగి చూడండి, అదీ మీరు కాదు. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు కరెంటు పోతే ఇంట్లో దాన్ని లాగాల్సింది ఎవరో, వాళ్లచేత లాగించండి. ఇప్పుడున్న మూడో మెషీన్‌ను మా ఆవిడ లాగి ఒప్పుకున్నాకే కొన్నాను. ఆవిడ వద్దన్న రెండింటిలో ఒకటి నాకు భలే నచ్చింది.