షాపువాళ్లు మెచ్చిన సీసా

ప్రశ్న: వైన్ షాపుల్లో కొన్ని సీసాల దగ్గర 'మా సిబ్బందికి నచ్చినవి' అని చీటీలు పెడతారు. నమ్మి కొనొచ్చా?

జవాబు: చీటీ చదివి చూడండి. 'అద్భుతం' అని మాత్రమే ఉంటే వదిలేయండి. ద్రాక్ష రకం, పులుపు, వగరు, దేనితో బాగుంటుందో రాస్తే రుచి చూసి రాశారనుకోవచ్చు. చీటీ మీదా సీసా మీదా పంట సంవత్సరం ఒకటేనా? 2021 గురించి రాసిన చీటీ 2023 సీసా ముందు అలాగే ఉండిపోతుంటుంది. పంట మారితే రుచీ మారుతుంది.

'మంచిది ఇవ్వండి' అంటే వాళ్లు మాత్రం ఏమివ్వగలరు? ఇదివరకు నచ్చిన సీసా, తినబోయే వంట, పెట్టగలిగే డబ్బు చెప్పండి. పండ్ల వాసన వేరు, తీపి వేరు. రీస్లింగ్ అనే జర్మన్ తెల్ల వైన్ మీద 'ట్రోకెన్' అని ఉంటే తీపి ఉండదు. ఆ మాట లేకుండా ఆల్కహాల్ 8 శాతం దగ్గరుంటే తీపిదే అనుకోండి. చక్కెరంతా పులియకముందే ఆపేస్తారు.

సిబ్బంది షాంపేన్ బదులు క్రెమాన్ అనే బుడగల వైన్ చూపిస్తే తీసిపారేయకండి. దానిలోనూ రెండోసారి పులియడం సీసాలోనే జరుగుతుంది, ధర మాత్రం సాధారణంగా తక్కువ. గామే ద్రాక్షతో చేసే బోజొలే అనే ఎర్ర వైన్ చెబితే, తాగేముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. 13 డిగ్రీల దగ్గర బాగుంటుంది. వెచ్చబడితే ఆల్కహాల్ ఘాటే పైకొస్తుంది.

తెరవగానే తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ దోషం, టీసీఏ అనే పదార్థం వల్ల వస్తుంది. గాలి తగిలినా పోదు. మళ్లీ మూత బిగించి, బిల్లుతో సహా తీసుకెళ్లి మార్చమనండి. ముప్పాతిక సీసా తాగేశాక కాదు సుమా!