నడుం నొప్పికి అల్ట్రాసౌండ్ పనిచేస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. నాలుగు నెలలుగా నడుం నొప్పి. ఫిజియోథెరపీ సెంటర్లో అల్ట్రాసౌండ్ పది సిట్టింగ్స్ పెట్టించుకోమన్నారు, ఆరు అయ్యాయి. జెల్ రాసి ఐదు నిమిషాలు మిషన్ తిప్పి పంపేస్తున్నారు, అమ్మకు వేడి కూడా తెలియట్లేదట. మధ్యలో మానేస్తే ఏమైనా నష్టమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అల్ట్రాసౌండ్ (స్కానింగ్ కాదు, నొప్పి ఉన్నచోట ధ్వని తరంగాలు పంపే చికిత్స) ఆపేస్తే నష్టమేమీ లేదండీ. ఫిజియోథెరపీ మాత్రం ఆపొద్దు, ఎందుకంటే మనవాళ్లు ఈ రెండూ ఒకటే అనుకుని "కరెంటు పెట్టించాం, తగ్గలేదు" అంటూ మొత్తానికే వెళ్లడం మానేస్తారు.

వేడి తెలియనంత మాత్రాన మిషన్ పాడైందని కాదు, ఆపి ఆపి తరంగాలు పంపే పల్స్‌డ్ పద్ధతిలో వేడి పెద్దగా పుట్టదు. కానీ చర్మం మీద తిప్పే ఆ హెడ్‌ని ఒకసారి గమనించండి, మామూలుగా దాని వైశాల్యం ఐదు చదరపు సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దాంతో ఐదు నిమిషాల్లో నడుమంతా చుట్టేస్తే ఏ చోటుకి ఎంత అందుతుందో మీరే ఊహించుకోండి.

సరే, పద్ధతిగానే పెట్టారనుకుందాం. 2001లో ఇద్దరు పరిశోధకులు రకరకాల నొప్పులపై, గాయాలపై అప్పటిదాకా జరిగిన 35 ట్రయల్స్ వడపోస్తే పద్ధతి సరిగా ఉన్నవి పదే తేలాయి, వాటిలో ఎనిమిదింటిలో ఉత్తుత్తి అల్ట్రాసౌండ్ కంటే అసలుది మెరుగేమీ కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ అయితే 2016లో నడుం నొప్పికి అల్ట్రాసౌండ్ ఇవ్వొద్దనే చెప్పింది. భుజం కండర బంధనంలో, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగంలో, కాల్షియం పేరుకున్నవాళ్లకు కొంత పనిచేసినట్టు 1999లో వియన్నా పరిశోధకులు చూపించారు, అదీ తొమ్మిది నెలలకు నొప్పిలో పెద్ద తేడా లేకుండా పోయింది.

మరి పెట్టించుకున్నవాళ్లు తగ్గిందంటారేం? చాలా నడుం నొప్పులు వాటంతటవే నెమ్మదిస్తాయి, క్రెడిట్ మిషన్‌కి పోతుంది. తప్పంతా సెంటర్లదే అననులెండి, మిషన్ పెట్టకపోతే వైద్యమే చేయలేదనుకునే పేషెంట్లూ తక్కువేం కాదు.

మిగిలిన నాలుగు సిట్టింగ్స్ టైమ్‌లో వ్యాయామాలు నేర్పమనండి. అమ్మ చేస్తుంటే పక్కనుండి సరిదిద్దమనండి, ఇంట్లో రోజూ ఏది ఎన్నిసార్లు చేయాలో కాగితం మీద రాయించుకోండి. ఓపికున్నంత నడవనివ్వండి. ఒకవేళ కాలు బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా మాత్రం ఫిజియో దగ్గరికి కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.