టెక్ సందేహాలు: సూర్యుడొక దిక్కున, నీడ ఇంకో దిక్కున

ప్రశ్న: రథసప్తమికి మా వీధి కుర్రాళ్లం అరసవల్లి రోడ్డులో ఫ్లెక్సీ కడతాం. డిజైన్ నాదే. ఫోటోషాప్‌లో ఫోటోకి ఎఫెక్ట్ వేద్దామంటే లేయర్ స్టైల్ మెనూ పనిచేయడం లేదు. పోయినేడు అక్షరాలకు పెట్టిన నీడ స్క్రీన్ మీద బాగానే ఉంది, ఫ్లెక్సీలో మాయమైపోయింది. ఎందుకు? - ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మొదటిది చిన్న సంగతే. ఫోటో తెరవగానే అది ‘బ్యాక్‌గ్రౌండ్’ పేరుతో తాళం వేసి ఉంటుంది. దానికి ఎఫెక్ట్‌లు పట్టవు. పొరల జాబితా ఉండే లేయర్స్ ప్యానెల్‌లో దాని మీద డబుల్ క్లిక్ చేసి ఓకే కొడితే ‘లేయర్ 0’ అవుతుంది, తాళం పోతుంది. అయినా కాన్వాస్ నిండా పరుచుకున్న ఫోటోకి డ్రాప్ షాడో, అంటే వెనక నీడ పెడితే ఏమీ కనబడదు. నీడ పడటానికి పక్కన జాగా ఉండాలి కదా!

అసలు చిక్కు రెండోది. నీడ దూరమైనా, స్ట్రోక్ (అక్షరం చుట్టూ వేసే గీత) మందమైనా లెక్క పిక్సెళ్లలోనే. మీరు 1200 × 720 పిక్సెళ్లలో డిజైన్ చేశారనుకుందాం. షాపువాళ్లు 72 రిజల్యూషన్‌తో, అంటే అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కన 10 × 6 అడుగుల ఫైల్ తెరుస్తారు. అంటే 8640 × 5184 పిక్సెళ్లు. మీ లేయర్లను అందులోకి లాగి, కంట్రోల్ టీ కొట్టి పెద్దవి చేస్తారు. అక్షరం 7.2 రెట్లు పెరుగుతుంది. నీడ మాత్రం మీరిచ్చిన 5 పిక్సెళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఫ్లెక్సీ మీద అది 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. రోడ్డు మీద పోయేవాళ్లకి ఏం కనిపిస్తుంది? లేయర్ పక్కనుండే ఎఫ్ఎక్స్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ‘స్కేల్ ఎఫెక్ట్స్’లో 720 శాతం ఇస్తే సరిపోతుంది. లేదా మొదటినుంచీ అసలు కొలతలోనే డిజైన్ చేయండి. నేనైతే అదే చేస్తాను.

మీరు పంపిన నమూనాలో ఇంకోటి చూశాను. సూర్యబింబం కుడివైపు పైన ఉంది, అక్షరాల నీడ కూడా కుడివైపే పడింది. సూర్యుడి గుడి దారిలో కట్టే ఫ్లెక్సీలోనే ఎండ తప్పు దిక్కు నుంచి వస్తే ఎలా బాబూ? యాంగిల్ 120 ఉంటే వెలుగు ఎడమవైపు పైనుంచి వస్తున్నట్టు. దాన్ని 60 చేయండి. ‘యూజ్ గ్లోబల్ లైట్’ టిక్ ఉంచితే ఒకచోట మార్చిన కోణం, ఆ టిక్ ఉన్న లేయర్లన్నిటికీ వర్తిస్తుంది. చాలామంది ఇదేదో లోపమనుకొని టిక్ తీసేస్తారు, తర్వాత ఒక్కో అక్షరానికీ ఒక్కో సూర్యుడు తయారవుతాడు.

స్ట్రోక్ మందం కూడా తగ్గించండి. ఇంగ్లిష్ అక్షరాలకు చెల్లిన మందం మనవాటికి చెల్లదు, వత్తులు పై అక్షరానికి అతుక్కుపోతాయి, సున్నాలు పూడుకుపోతాయి. బెవెల్ (ఉబ్బెత్తు అంచు), గ్లో (చుట్టూ వెలుగు), స్ట్రోక్ మూడూ ఒకే అక్షరానికి పెట్టారు, ఏదో ఒకటి తీసేయండి.

ప్రశ్న: మాది బొబ్బిలి. బహుమతులుగా ఇచ్చే చిన్న వీణలు అమ్ముతాం. వాట్సాప్‌లో పెట్టడానికి ఫోటోలో వీణను కత్తిరించి, ఉచితంగా దొరికే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్‌లో నీడ పెట్టాను. తర్వాత తగ్గిద్దామంటే కుదరడం లేదు. పైగా స్టిక్కర్ అంటించినట్టుంది. - ఒక పాఠకురాలు

జవాబు: మీ దగ్గరున్నది పాత 2.10 వెర్షన్ అయ్యుంటుందమ్మా. అందులో నీడ పెట్టగానే లేయర్‌లో కలిసిపోతుంది. అందుకే ముందు ఆ లేయర్‌కి నకలు తీసి ఉంచుకోవాలి. 2025 మార్చిలో వచ్చిన 3.0లో ఆ ఇబ్బంది లేదు, లేయర్ పక్కన ఎఫ్ఎక్స్ గుర్తు వస్తుంది. దాన్ని నొక్కి నీడను ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

స్టిక్కర్‌లా కనిపించడానికి కారణం వేరే. డ్రాప్ షాడో గోడకు తగిలించిన వస్తువు నీడ. మీ వీణ బల్ల మీద ఉంది. వీణ లేయర్‌కి నకలు తీసి, అందులో వీణ ఆకారం వరకే నల్లరంగు నింపండి. దాన్ని లేయర్ల వరుసలో వీణ కిందకు జరిపి, పెర్‌స్పెక్టివ్ టూల్‌తో నేలకు వాల్చండి. అంచులు మసకబారేలా కొంచెం గాసియన్ బ్లర్ వేసి, నీడ పలచబడేలా ఒపాసిటీ 40 దగ్గర పెట్టి చూడండి. వీణ బల్లకు ఆనేచోట మాత్రం మధ్యలో ఖాళీ రానివ్వకండి. అక్కడ సందు కనిపిస్తే వీణ గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది.