స్టోన్‌హెంజ్‌ను కట్టింది డ్రూయిడ్లేనా?

కాదు, ప్రాచీన ఐరోపా ప్రజలైన కెల్టుల పూజారులు, అంటే డ్రూయిడ్ల పేరు చరిత్రలో వినిపించే నాటికే ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ అనే రాతి వలయం చాలా పాతబడిపోయింది. అక్కడి తొలి కందకం సుమారు క్రీ.పూ. 3000 నాటిది, పెద్ద రాళ్లను నిలబెట్టింది క్రీ.పూ. 2500 ప్రాంతంలో. డ్రూయిడ్ల గురించి మనకు దొరికే వివరాలు ముఖ్యంగా క్రీ.పూ. 1వ శతాబ్దం నుంచే మొదలవుతాయి.

పైగా వాళ్లు తమ విద్యను రాసిపెట్టలేదు, శిష్యుల చేత కంఠస్థం చేయించేవారు. మిగిలినవి గ్రీకులు, రోమన్లు చెప్పిన మాటలే. రోమన్లేమో వాళ్లకు శత్రువులు, కాబట్టి కాస్త జాగ్రత్తగా చదవాలి. ఆ రాతల్లోనూ డ్రూయిడ్ల పవిత్ర స్థలాలుగా కనిపించేవి చెట్ల తోపులే గానీ రాతి వలయాలు కావు. ఉదాహరణకు, క్రీ.శ. 60 ప్రాంతంలో వేల్స్‌ను ఆనుకుని ఉన్న ఆంగ్లసీ ద్వీపంపై దాడి చేసిన రోమన్ సేన అక్కడి పవిత్ర వనాలను నరికించింది.

డ్రూయిడ్లకూ ఈ రాళ్లకూ ముడిపెట్టింది 17వ శతాబ్దపు పురాతన కట్టడాల పరిశోధకుడు జాన్ ఆబ్రే. 18వ శతాబ్దంలో అలాంటి మరో పరిశోధకుడు విలియం స్టూక్లీ దాన్ని బాగా ప్రచారం చేశాడు. రాళ్ల వయసు తేల్చే పద్ధతులు లేని రోజులవి, వాళ్లను తప్పు పట్టలేం.

జూన్‌లో పగలు అత్యంత దీర్ఘంగా ఉండే రోజున తెల్లని దుస్తుల్లో అక్కడ చేరేవారిని చూసి, అది ప్రాచీన కాలం నుంచి తెగకుండా వస్తున్న ఆచారమని చాలామంది పొరబడతారు. వాళ్ల ప్రకృతి ఆరాధనలో చిత్తశుద్ధి ఉండవచ్చు. కానీ ఆధునిక డ్రూయిడ్ సంఘాలు పుట్టింది 18వ శతాబ్దంలోనే. అలాంటి ఒక సంఘం స్టోన్‌హెంజ్‌లో పెద్ద ఎత్తున దీక్షా కార్యక్రమం జరిపింది 1905లో.