సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతోందా? ముందు థ్రాటిల్ బాడీ చూడండి

అన్నా, మీ పెట్రోల్ కారు సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కి ఆపగానే ఇంజిన్ ఆగిపోతోంది, ఏసీ వేస్తే మరీ ఎక్కువ, మళ్లీ తాళం తిప్పితే వెంటనే స్టార్ట్ అవుతోంది అన్నారు. నా అనుమానం థ్రాటిల్ బాడీ మీదే, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఎక్కువ తక్కువ చేసే భాగం. యాక్సిలరేటర్ వదిలేశాక ఇంజిన్‌కి గాలి అందేది దాని లోపలి బిళ్ల అంచున ఉండే సన్నని సందులోంచి. అక్కడ మసి పేరుకుంటే ఊపిరాడదు.

మా కారుకూ ఇదే వచ్చింది. ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే పైపు విప్పి చూస్తే బిళ్ల చుట్టూ కాటుకలా నల్లటి జిడ్డు! ఇంజిన్ చల్లారాక, థ్రాటిల్ క్లీనర్ గుడ్డ మీద కొట్టి తుడిచాం. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (కేబుల్‌తో కాక మోటారుతో తిరిగేది) అయితే బిళ్లను వేలితో బలవంతంగా తిప్పకండి, లోపలి గేర్లు పాడవుతాయి. తర్వాత మెకానిక్ దగ్గర స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ చేయించండి, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు బిళ్ల ఎంత తెరిచి ఉండాలో కారు కంప్యూటర్‌కి మళ్లీ నేర్పించడం. ఇంజిన్ వేడెక్కాక 700–850 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర నిలకడగా ఉంటే చాలావరకు పని అయినట్టే.

బ్రేక్ నొక్కినప్పుడే ఆర్‌పీఎం పడిపోతుంటే మాత్రం బ్రేక్ బూస్టర్‌నీ (ఇంజిన్ పీల్పు బలంతో బ్రేక్‌ని తేలిక చేసే డబ్బా) దాని వాక్యూమ్ పైపునీ చూపించండి. అక్కడ లీకుంటే ‘స్స్’ మని గాలి చప్పుడు వినిపిస్తుంది.

బాగయ్యేదాకా హైవే ఎక్కకండి, దయచేసి. ఇంజిన్ ఆగితే బూస్టర్ సాయం పోయి, రెండు మూడు నొక్కుల్లోనే బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. అలాంటప్పుడు పదే పదే కొట్టకుండా ఒక్కసారే గట్టిగా నొక్కి పట్టుకోండి.